వైసు పంటి గాటు

రెండో వైపు తిప్పి చూడకుండానే అనంతరామయ్యగారు భీమశంకరం పావలాను పక్కకు తోసేశారు. సంఘం కార్యదర్శి వాసవి, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల, ఆయన అన్న మాటను అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: 'దెబ్బతిన్న నాణెం'. ఆ అట్టతో సహా పావలా చివరి బల్ల మీదికి, అరిగిపోయిన కానీల పక్కకు పోయింది.

2006లో ఢిల్లీలో ఒక తెలుగు సంఘం హాల్లో పెట్టిన రెండు రోజుల పాత నాణేల ప్రదర్శన అది. టంకశాలలో పొరపాటుగా అచ్చుపడిన నాణేలకు వేరే బల్ల, దాని మీద నీలం మఖమలు గుడ్డ. ఏది టంకశాల తప్పో, ఏది తర్వాత తగిలిన దెబ్బో తేల్చే పెద్దమనిషి అనంతరామయ్యగారు. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి. భూతద్దం ఉంది, అలమారా నిండా పుస్తకాలున్నాయి. జన్మలో ఒక్క రేకు ముక్కను అచ్చు కింద పెట్టిన పాపాన పోలేదు.

భీమశంకరం ఏడో తరగతిలో బడి మానేసి, కాకినాడ నుంచి ఫరీదాబాద్ వచ్చి, ఇరవై ఆరేళ్లు ప్రెస్సు మీద రేకులు కొట్టాడు. అతని పావలాకు రెండు వైపులా సింహాలే. ఒకవైపు పైకి ఉబ్బి ఉంటే, రెండోవైపు లోపలికి దిగి, అద్దంలో బొమ్మలా తిరగబడి ఉన్నాయి. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కుపోతే, దాని తర్వాత వచ్చిన బిళ్ల మీద అలా పడుతుంది. ప్రెస్సు షాపులో రేకు అతుక్కున్న రోజునా అదే జరుగుతుంది, ఫోర్‌మన్ తిట్లు అదనం. బల్లభ్‌గఢ్ టీకొట్టువాడు చిల్లరలో ఇచ్చిన ఆ పావలాను పద్దెనిమిదేళ్లుగా భార్య పట్టుచీర మడతల్లో దాచాడు. ఇది నిజమైనదేనని తెలిసినవాళ్ల నోట ఒక్కసారి అనిపించుకోవాలని అతని ఆశ.

"తిప్పి చూడండయ్యా," అన్నాడు.

"చూడక్కర్లేదు శంకరం. మీ ఫ్యాక్టరీల్లో ఇలాంటివి నొక్కుతారని మాకు తెలుసులే. అసలు తప్పంటే ఎలా ఉంటుందో అదిగో, చూసి నేర్చుకో," అని ఆయన మఖమలు వైపు చూపించారు.

చూశాడు. అల్యూమినియం పదిపైసల బిళ్ల. సింహాల మీద తిరగబడిన పది అంకె. పక్కన అట్ట: 'అరుదైన టంకశాల పొరపాటు. అనంతరామయ్యగారి సేకరణ'. బిళ్ల అంచున గోటితో గిల్లినట్టు నెలవంక గాటు. భీమశంకరం చూడగానే గుర్తుపట్టాడు. అది తన వైసు పంటి గాటు.

ఇనుపముక్కను కదలకుండా బిగించి పట్టుకునే వైసు అది. ఫ్యాక్టరీలో అతని బెంచికే ఉండేది. దాని దవడలో ఒక పన్ను విరిగింది, అందుకే బిగించినదాని అంచున నెలవంక గాటు పడేది. ఒకనాటి భోజనాల వేళ సరదాకి, ఒక పదిపైసల సింహాల మీద ఇంకో బిళ్ల పది అంకెను బోర్లించి, తోలుముక్కలు అడ్డంపెట్టి బిగించాడు. అందరూ నవ్వారు. తోటివాడొకడు ఆ బిళ్లను దరియాగంజ్ ఫుట్‌పాత్ మీది పాత నాణేలవాడికి అమ్మేసి జిలేబీ పట్టుకొచ్చాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, తుక్కులోకి పోతున్న వైసును భీమశంకరం ఇంటికి మోసుకొచ్చుకున్నాడు.

ఆ నిజం అక్కడే చెప్పేయొచ్చు. కానీ చెబితే తన పావలా కూడా ఆ వైసులోనే పుట్టిందంటారు. పావలాను చివరి బల్ల మీదే వదిలి ఇంటికొచ్చాడు.

అతని భార్య మాణిక్యాంబ సంగతంతా విని, పెద్దోళ్లతో మనకెందుకంది. ఆ పావలా ఏమైనా కూడు పెడుతుందా అని కూడా అంది.

"కూడు పెట్టిన చేతిని దొంగచెయ్యి అన్నాడే ఆయన," అన్నాడు భీమశంకరం.

ఆదివారం పొద్దున్నే వైసును గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాడు. కండక్టర్ ఇనుముకూ టికెట్టు కొట్టించుకోమన్నాడు. కొట్టించుకున్నాడు. హాల్లో జనం కమ్ముకుని ఉండగానే మఖమలు బల్ల పక్కన వైసు దింపాడు. రెండు పదిపైసల బిళ్లలు బోర్లించి, తోలు అడ్డం పెట్టి, పిడి పట్టుకుని బలంకొద్దీ బిగించాడు. విప్పితే సింహాల మీద తిరగబడిన పది. అంచున నెలవంక.

రెండు బిళ్లలూ పక్కపక్కన పెట్టాడు. గాట్లు అచ్చం ఒక్కలాగే ఉన్నాయి.

"వెనక్కి తిప్పండి. అంకె చపాతీలా అణిగిపోయిందా? ముందు వైపు పది కింద సింహాల నీడ ఇంకా ఉందా? దీన్ని దెబ్బ అంటారండి. టంకశాల తప్పయితే వెనకవైపు అచ్చు గీత కూడా చెదరదు. నా పావలా చూడండి, సింహం జూలు ఎలా నిక్కి ఉందో."

అనంతరామయ్యగారి మొహం నల్లబడింది. అయినా అధికారి అధికారే.

"అంటే దీన్ని నువ్వే చేశావన్నమాట."

"నేనే చేశానండి."

"మరి పావలాను ఎవరు చేశారోయ్?"

జనం గొల్లుమన్నారు. దానికోసమే కాచుకున్నట్టు నవ్వారు. వాసవి మాత్రం చివరి బల్ల దగ్గరికి వెళ్లి పావలాను తిప్పి చూసింది, వేలితో తడిమింది. "అంకుల్, యే తో... ఇదైతే..." అని మొదలుపెట్టి, అనంతరామయ్యగారి చూపు తన మీద పడగానే, దాన్ని కానీల పక్కనే పెట్టేసింది. ఆ పెట్టేయడమే భీమశంకరాన్ని నవ్వుకంటే ఎక్కువ కోసింది. ఆయనకు తెలియదు. ఈ పిల్లకు ఇప్పుడు తెలుసు.

వెళ్లి తన పావలా తీసి జేబులో వేసుకున్నాడు. 'దెబ్బతిన్న నాణెం' అని రాసిన అట్టను వెనక్కి తిప్పి, వాసవి చేతిలోని కలం అడగకుండానే లాక్కున్నాడు. వంకర అక్షరాలు. రాయడం అతనికి ఎప్పుడూ కష్టమే. అయినా గుచ్చిగుచ్చి రాశాడు:

'రెండూ దెబ్బలే. కొట్టినవాడు భీమశంకరం, ఏడో తరగతి, ఫరీదాబాద్.'

ఇప్పుడే నొక్కిన బిళ్లను మఖమలు మీద, ఆయన బిళ్లకు ఆనించి పెట్టి, ఆ రెంటి ముందు అట్ట నిలబెట్టాడు. వైసును భుజానికెత్తుకుని నడిచాడు.

గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. అట్ట అక్కడే ఉంది. అన్ని చేతులున్నాయి, ఒక్కటీ దాని మీదికి రాలేదు. తీస్తే ఆ బిళ్లల్ని తిప్పి చూడాల్సివస్తుందని కాబోలు.