క్లచ్చి మీద కాలు

నేను ఒక పాత పికప్ బండిని. మా యజమాని పేరయ్య మీద ఫిర్యాదు చేసుకోవడానికే నోరు విప్పుతున్నాను. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా, థర్మామీటరు తీయకముందే జబ్బు పేరు చెప్పేసే మనిషి ఆయన. పప్పు ఉడక్కపోతే కుక్కరుది తప్పు. వాన పడకపోతే టీవీలో వార్తలు చదివే అమ్మాయిది తప్పు. తన తప్పన్నది ఆ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు.

ఎక్కడో దూరాన ఫ్యాక్టరీలో పుట్టాను. మొదట నరసరావుపేటలో మంచినీళ్ల క్యాన్లు మోశాను. ఆ షావుకారు రోజూ కడిగించేవాడు గానీ ప్రేమగా ఒక్క మాట అనలేదు. తర్వాత పేరయ్య కొన్నాడు, గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలడానికి. స్టీరింగు దగ్గర ఆయన తమ్ముడు అంకారావు. పెళ్లి చేసుకోలేదు. తిండి అన్న ఇంట్లో, నిద్ర నా క్యాబిన్లో. ఎత్తు వచ్చినప్పుడల్లా "పదవే తల్లీ" అని గేరు మార్చేవాడు. "నీకు పెళ్లెందుకయ్యా, ఇది ఉందిగా!" అని వదిన వజ్రమ్మ ఎగతాళి చేసేది.

పోయిన వేసవిలో నా సత్తువ తగ్గింది. ఖాళీగా ఉంటే నడిచేదాన్ని. టిక్కీలు ఎక్కితే కాలవ గట్టు కూడా ఎక్కలేకపోయేదాన్ని. వెనక నల్లటి పొగ. ఊపిరాడటం లేదని నాకు తెలుసు, ఎందుకో తెలియదు. నా ముక్కు నేను చూసుకోలేను కదా.

పేరయ్య బానెట్టు ఎత్తకుండానే తమ్ముడి మీదికి తేల్చేశాడు. "నీ కాలెప్పుడూ క్లచ్చి మీదేరా. అరగదీసి ప్లేటు తినేశావు."

"ప్లేటు జారితే ఇంజను గోల పెట్టాలి గదన్నా. ఇదేమో అరవటానిక్కూడా ఓపిక లేక మూలుగుతుంది. పొగ చూడు, ఎంత నల్లగా ఉందో. దీనికి గాలి అందట్లా."

"గాలి సంగతి నేను చూశాన్లే. నువ్వు నీ కాలు సంగతి చూసుకో."

కొత్త ప్లేటు వేయించారు. గట్టు ఎక్కలేదు. "కొత్తదీ మింగేశాడయ్యా మావాడు!" అన్నాడు పేరయ్య, యార్డులో అందరి ముందూ. తోటి డ్రైవర్లు నవ్వారు. అంకారావు నవ్వలేదు. తాళాలు నా బానెట్టు మీద పెట్టి, దాన్ని అరచేత్తో నిమిరి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

బళ్లారి వైపు ఎవరిదో లారీ తోలుతున్నాడని కబురొచ్చింది. ఒక్క ఫోను చెయ్యమని వజ్రమ్మ పోరింది. "పోయినోడే రావాల" అన్నాడాయన.

పోయినవాడే వచ్చాడు, అంబులెన్సులో. లారీ లోయలోకి బోల్తా పడిందట.

అస్థికలు కృష్ణలో కలపడానికి నన్నే తీశారు. పేరయ్య స్టీరింగు పట్టాడు. పక్కన వజ్రమ్మ, ఆమె ఒళ్లో గుడ్డ కట్టిన మట్టి ముంత. వెనక చుట్టాలు. రేవుకు పోవాలంటే కరకట్ట ఎక్కాలి. సగంలో ఆగిపోయాను. ఆయన మళ్లీ స్టార్టు చేశాడు. ఆక్సిలరేటరు అదిమి తొక్కాడు. నల్లపొగ తప్ప నా దగ్గర ఏమీ లేదు.

వజ్రమ్మ తల తిప్పకుండానే అడిగింది. "ఇప్పుడెవరి కాలుందయ్యా క్లచ్చి మీద?"

పేరయ్య కిందికి, తన పాదాల వైపు చూసుకున్నాడు. తర్వాత దిగి బానెట్టు ఎత్తాడు. చెయ్యి తిన్నగా గాలి గొట్టం దగ్గరికి పోయింది. దాని మూతిలోంచి ఒక గుడ్డ బయటికి లాగాడు. దుమ్మూ తేమా పట్టి అట్టలా బిగుసుకుపోయిన గుడ్డ. వజ్రమ్మ పాత చీర ముక్క. యార్డులో హమాలీలు మిర్చి ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం చూసి, బండికి మాత్రం ముక్కు లేదా అని జాలిపడి, సీజను మొదట్లో తనే కుక్కాడట. ఇంజను చాలా ఏళ్లు నిలిచాక, నలుగురిలో చెప్పి మెప్పు పొందుదామని ఎవరికీ చెప్పలేదట.

ఒక్క తిప్పుకే లేచాను. అందరినీ మోసుకుంటూ కరకట్ట ఎక్కేశాను, వాళ్లకు బరువే లేనట్టు. ఒంట్లో బాగైనందుకు సిగ్గుపడటం నాకదే మొదటిసారి.

కట్ట మీద పేరయ్య ఇంజను ఆపేశాడు. "ఎక్కింది గదయ్యా, పోనియ్యి!" అన్నారెవరో వెనక నుంచి. ఆయన కదల్లేదు. భార్య ఒళ్లోని ముంత వైపు తిరిగి, వెనకవాళ్లందరికీ వినపడేలా అన్నాడు.

"అంకా, నీ కాలు కాదురా. నేను పెట్టిన గుడ్డ. తప్పు నాదేరా."