మూడో గుండీ

దక్షిణం నొక్కేస్తే సరి, ఎండ ఉంటుంది, సముద్రం ఉంటుంది, అక్క కూడా వారానికోసారి అదే రాస్తోంది కదా, ఉత్తరం వద్దు, ఇక్కడ ఎముకలు కొరికే చలి, నువ్వు దక్షిణం వైపే తీసుకో చెల్లీ అని, ఈ ఫారంలో ప్రాంతం ఎంచుకుంటే గానీ కాలేజీల పేర్లు తెరుచుకోవు, ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడం కుదరదు, పన్నెండింటికి గడువు, గోడ గడియారంలో పదకొండున్నర, నాన్న అక్క చదువుతున్న ఆ దేశం పటానికి రంగులేసి మరీ నా ముందు పెట్టి డ్యూటీకి పోయాడు, లిఫ్టులు బాగుచేసే మనిషికి పైకీ కిందకీ తప్ప దిక్కులేం తెలుస్తాయే అని అక్క ఏడిపించేది, దక్షిణానికి పసుపు, ఉత్తరానికి నీలం, నీలం మీద అడ్డంగా గీత కూడా కొట్టాడు, ఆ మంచులో మీ అక్క ఒక్కతి చాలమ్మా, నువ్వైనా సుఖంగా ఉండు అన్నాడు, సరే, దక్షిణమే, వేలు మౌస్ మీదే ఉంది, నొక్కదేం, నొక్కవే మొద్దూ.

చెల్లీ అట, అక్క పుట్టి బుద్ధెరిగి నన్ను ఒక్కసారైనా అలా పిలిచిందా, బుడంకాయ్ అనేది, కోపమొస్తే ఒసేయ్ బుడంకాయ్ అనేది, ఆ పిలుపు పోయి ఏడు నెలలు, ఫోన్ ఎత్తదు, క్లాసులో ఉన్నా అని రాస్తుంది, ఆదివారం క్లాసేమిటే అంటే ఓ ఫోటో పంపుతుంది, ఇటుక గోడ ముందు బూడిద రంగు కోటులో నవ్వుతూ, మా పెద్దది ఎంత రంగు తేలిందో చూశారా అని నాన్న వీధి వీధంతా చూపించాడు, నేనూ మురిసిపోయాను, నా మొహం, దర్జీ అమ్మ కడుపున పుట్టి కూడా.

నిన్న మధ్యాహ్నం కదా నేను నాలుగు ఫోటోలూ వరసగా పెట్టి చూసింది, డిసెంబరుది, ఫిబ్రవరిది, ఏప్రిల్‌ది, మొన్నటిది, గోడలు వేరు, కోటు అదే, అమ్మ కుట్టిందే, మూడో గుండీ వదులై వేలెడు దారం వేలాడుతోంది, నాలుగింటిలోనూ అంతే పొడవు, కొసన అదే ముడి, అన్నాళ్లు ఒంటి పోగు మీద గుండీ నిలుస్తుందా, ఊడిపోవాలి, లేదా కుట్టుకోవాలి, కాజాలు కుడుతూ పెరిగిన పిల్ల అలా వదిలేస్తుందా, అంటే అన్నీ ఒక్కరోజే తీసి పెట్టుకుని ఒక్కొక్కటే వదులుతున్నారు, కాలేజీకి రాస్తే విద్యార్థుల వివరాలు బయటివాళ్లకి చెప్పం అన్నారు, నేను బయటిదాన్నట, చివరికి అక్కకే రాశాను, చిన్నప్పుడు నన్నేమని పిలిచేదానివే అని, అవతల చుక్కలు ఆడాయి, ఆగాయి, మళ్లీ ఆడాయి, చెల్లీ అనే కదా అని వచ్చింది.

అమ్మో, ఎవరు అది, నాకు భయమేస్తోంది, అక్క ఫోన్ ఎవరి చేతిలో ఉంది, అక్క ఎక్కడుంది, అమ్మకి చెబితే తట్టుకుంటుందా, పొద్దున అడిగాను, ఏ ప్రాంతం పెట్టమంటావమ్మా అని, నీ ఇష్టం తల్లీ, నాకేం తెలుసు అంది తలెత్తకుండా, మూడు రోజులుగా మిషన్ దిగడం లేదు, ఎవరిదో అర్జంటు కోటట, ముదురాకుపచ్చ ఉన్ని, లోపల రెండు పొరల లైనింగు, ఈ ఎండల్లో ఎవరికమ్మా ఇంత మందం అంటే, వచ్చినవాళ్లనల్లా ఆరాలు తీస్తే కొట్టు మూసుకోవాలి అని కసిరింది, ఇప్పుడు మిషన్ చప్పుడు ఆగింది, పదకొండూ యాభై, మంచినీళ్లకని లేచాను.

ముందు గదిలో అమ్మ లేదు, కోటు బల్ల మీద ఉంది, ఊరికే చెయ్యి వేశాను, కుడి భుజంలో ఎత్తు కోసం పెట్టే మెత్త ఒకటి, ఎడమ భుజంలో రెండు, మళ్లీ తడిమాను, రెండే, గోడ మీంచి పడి ఎముక విరిగినప్పటి నుంచి నా ఎడమ భుజం పల్లం, ఎడమవైపు రెండు మెత్తలు అమ్మ వేసేది నా ఒక్కదాని బట్టలకే, గుండీలన్నిటికీ దారం నాలుగేసి చుట్లు చుట్టింది, మూడోదానికి ఎనిమిది, జేబులో ఏదో గట్టిగా తగిలింది, బూడిద రంగు గుండీ, అక్క కోటు కుట్టగా మిగిలింది, చిన్న గుడ్డముక్కకి గుచ్చి అదే రంగు దారం ఎక్కించిన సూది, అక్క ఫోటో వచ్చినప్పుడల్లా అమ్మ ఫోన్‌ని కళ్లకి ఆనించుకునేది చూపు ఆనక కాదు, మొహం చూసుకోడానికీ కాదు, దారం కొలుచుకుంటోంది, నాకంటే ముందే తెలుసు, నోటితో అంటే నిజమైపోతుందని మిషన్ తొక్కుతూ కూర్చుంది, ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది, నా చేతిలో గుండీ చూసింది, టైమైపోతోంది కదే, వెళ్లి నొక్కు అంది, వచ్చి కూర్చుని నాన్న గీత కొట్టిన నీలం నొక్కాను, సముద్రం ఒడ్డున ఈ కోటు ఎందుకూ పనికిరాదు, అమ్మ నన్ను చదువుకి పంపడం లేదు, అక్కని వెతకడానికి పంపుతోంది.