వేలితో తిరిగేదాకా

మా ఆయన మెర్వ్ మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాయడానికి పోర్ట్ పీరీలో దొరికే కాగితం చాలదు కాబట్టి ఒక్కటే రాస్తాను. ఆ మనిషి ఆగలేడు. ఓవెన్‌లో స్పాంజ్ కేకు పెడితే మధ్యలో తలుపు తీసి తొంగిచూస్తాడు. అది కుంగిపోతే పిండి మంచిది కాదంటాడు. కంచెకు రంగు వేసిన పూటే దానికి ఆనుకుని నిలబడతాడు. కెటిల్లో టీ దిగకముందే కప్పులో వంపుకుని, "నీ టీ నీళ్లలా ఉంటుంది బెరిల్" అంటాడు. పెళ్లిలో పాస్టరుగారు అడగడం పూర్తికాకుండానే "చేసుకుంటాను" అనేశాడు. అప్పట్లో దాన్ని ప్రేమనుకున్నాను.

ఇంట్లో నాకంటే సీనియర్ ఆయన మోటార్ సైకిల్. రెండు సిలిండర్ల పాత అమెరికన్ బండి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆదివారం మా ఊరి బండ్లవాళ్లంతా పిల్లల బొమ్మలు బండ్లకు కట్టుకుని, ఊరంతా తిరిగి, ఆసుపత్రికి తీసుకెళ్లి ఇస్తారు. ముందు నడిచే శాంటా మా ఆయన. మా ఆస్ట్రేలియా డిసెంబరు ఎండలో ఉన్ని గడ్డం పెట్టుకుని, వెనకాల నన్ను కూర్చోబెట్టుకుని, ఆగకుండా హారన్ కొడుతూ వెళ్తాడు. దానికోసమే ఆయన ఏడాదంతా బతుకుతాడేమోనని నాకు అనుమానం.

ఈసారి బండి టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. వంటింటి కిటికీలోంచి నాకే వినిపించేది.

"ఏమయ్యా, నీ బండి లోపల ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నారు," అన్నాను.

"సైలెన్సర్ దగ్గర గాలి పోతోంది. ఈ బండ్లన్నీ ఇలాగే అంటాయి."

"పోయినేడు అనలేదే?"

"పోయినేడు నీకు చెవులు ఇంత పని చేసేవి కావు."

నేను పెద్ద స్క్రూడ్రైవర్ తెచ్చి, మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. ఈ విద్య నాకు మా తమ్ముడు లాన్స్ చిన్నప్పుడు నేర్పాడు. చప్పుడు సైలెన్సర్ దగ్గర లేదు. కింద, వాల్వుల్ని పైకి నెట్టే లిఫ్టర్లున్న చోట ఉంది. మెర్వ్ చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చాను. ఆయన విన్నాడు. ముఖం వాడిపోయింది.

"లిఫ్టర్," అన్నాడు.

అంతే, నేను స్క్రూడ్రైవర్ తీసుకుని లోపలికి వచ్చేశాను. మా ఇంట్లో లిఫ్టర్ అనే మాట లాన్స్ పేరు లేకుండా పలకడం కుదరదు మరి.

రెండేళ్ల కిందట, ఈ షెడ్‌లోనే, లాన్స్, మెర్వ్ కలిసి ఆ బండికి లిఫ్టర్లు వేశారు. స్టార్ట్ చేయగానే లోపల ఠంగుమని, ఒక వాల్వ్ వంగిపోయింది. బండిని ట్రక్కులో వేసుకుని అడిలైడ్ పంపాల్సి వచ్చింది. ఆ ఏడు శాంటా ఎవరిదో కారులో వెళ్లాడు. మెర్వ్ అది తట్టుకోలేక, బండ్లవాళ్ల క్లబ్బులో బీరు తాగుతూ అందరి ముందూ అన్నాడు: "లాన్స్ చేతులు పోయాయిరా. వాడికిక గడ్డి కోసే మిషన్లే గతి." అందరూ నవ్వారట. నలభై ఏళ్లుగా ఈ ఊరి ఇంజిన్లన్నీ బాగుచేసిన మనిషి నా తమ్ముడు. ఆ నవ్వు అతనుండే సోలమన్‌టౌన్ దాకా వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది? తర్వాత అతని షెడ్‌కు బండ్లు రావడం తగ్గింది. మా ఇంటికి అతను రావడం పూర్తిగా ఆగిపోయింది. రెండు క్రిస్మస్‌లు మా బల్ల దగ్గర అతని కుర్చీలో నేను బంగాళాదుంపల బుట్ట పెట్టుకున్నాను. భార్య పోయినవాడు, పండగపూట ఒక్కడే రేడియో వింటూ ఏం తిన్నాడో నాకు తెలియదు. అడిగితే "కడుపు నిండింది అక్కా" అంటాడు.

మూడో క్రిస్మస్‌కు కూడా బంగాళాదుంపలే కూర్చుంటే, ఆ కుర్చీ ఇక ఎప్పటికీ వాటిదే అవుతుందని నాకు భయం పట్టుకుంది.

మెర్వ్ దుకాణానికి ఫోన్ చేశాడు. లిఫ్టర్లు పండగ తర్వాతే వస్తాయన్నారు. సాయంత్రమంతా శాంటా డ్రెస్సు వైపు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు నేను కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకులు డబ్బాలో పెట్టుకుని, గుడ్డలు కొనడానికని చెప్పి బయల్దేరాను.

లాన్స్ షెడ్‌లో గడ్డి మిషన్లే వరసగా ఉన్నాయి. నేను వచ్చిన పని చెప్పగానే చేతులు తుడుచుకున్నాడు.

"చప్పుడు ఎలా ఉంది? వేడెక్కాక పెరుగుతోందా?"

"పెరుగుతోంది."

"కింద రోలర్ గరుకైపోయుంటుంది. ఇంకొన్నాళ్లు తోలితే అది లిఫ్టర్లను తోసే క్యామ్‌ని కూడా అరగదీస్తుంది. బావ ఒక్కటే మారుస్తానంటాడు, ఒప్పుకోకు అక్కా. నాలుగూ మార్చమను." అలమర పైనుంచి ఒక డబ్బా దింపాడు. కొత్త లిఫ్టర్లు, నూనె కాగితంలో. తన సొంత బండికి దాచుకున్నవి.

"నీ బండికో?"

"నా బండెక్కడికి వెళ్తోంది ఇప్పుడు?" డబ్బా నా చేతిలో పెట్టి, వదల్లేదు. "ఒక్క మాట. లిఫ్టర్ మీద నిలబడే కడ్డీ ఉంటుందే, పుష్‌రాడ్, దాని పొడవు సరిచేశాక ఆగమను. కొత్త లిఫ్టర్ లోపల నూనె ఉంటుంది. అది మెల్లగా దిగాలి. పుష్‌రాడ్‌ని రెండు వేళ్లతో పట్టుకుంటే సులువుగా తిరగాలి. అప్పటిదాకా ఇంజిన్ తిప్పకూడదు. వాల్వ్ తెరుచుకునే ఉంటుంది, పిస్టన్ వచ్చి గుద్దుతుంది."

"గుద్దితే?"

"వంగుతుంది."

నేను అతని ముఖంలోకి చూశాను. అతను లామింగ్టన్ కొరికాడు.

"ఒరేయ్ లాన్స్. ఆ రోజు ఆగనిది ఎవరు?"

"నాకు ఫోన్ వస్తే బయటికెళ్లానక్కా. తిరిగొచ్చేసరికి పుష్‌రాడ్ల మీది పైపులన్నీ మూసేసి ఉన్నాయి. ఆగావా బావా అని అడిగాను. ఆగానన్నాడు." కొబ్బరి పొట్టు చొక్కా మీంచి దులుపుకున్నాడు. "బావ మాట నమ్మకుండా మళ్లీ విప్పమంటే బాగుంటుందా?"

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"చూడలేదుగా. చూడనిది ఎలా చెప్తాను?"

ఈ పెద్దమనిషి తరహా వల్లే మా అమ్మ ఇతన్ని కాక నన్ను తిట్టేది.

ఇంటికొచ్చి డబ్బా బల్ల మీద పెట్టాను. "ఎక్కడివే ఇవి?" అన్నాడు మెర్వ్. "గుడ్డల కొట్లో," అన్నాను. దొరికిందే చాలనుకున్నాడేమో, మళ్లీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం నేను షెడ్‌లో స్టూలు వేసుకుని, పక్కన టీ కెటిల్ పెట్టుకుని, బఠానీలు ఒలుస్తూ కూర్చున్నాను. నలభై ఏళ్ల కాపురంలో ఆయన పని నేను కూర్చుని చూడటం అదే మొదలు. "నీకేమైనా జ్వరమా?" అన్నాడు.

వెనక చక్రం గాలిలోకి లేపి, పుష్‌రాడ్లు తీసి, అయస్కాంతంతో లిఫ్టర్లు ఒక్కోటీ పైకి లాగాడు. మూడు నున్నగా ఉన్నాయి. నాలుగో దాని రోలర్ మీద గోరు పెడితే పట్టుకుంది. క్యామ్‌ని టార్చి వేసి చూశాడు. గీత లేదు.

"సమయానికి చూశాం. ఈ ఒక్కటే మారిస్తే సరి."

"నాలుగూ మార్చు."

"మూడు బాగున్నాయి కదే!"

"నీ సాక్సు ఒకటి చిరిగితే రెండూ పారేస్తావు. నాలుగూ మార్చు."

గొణుక్కుంటూ నాలుగూ వేశాడు. ముందు సిలిండర్ పుష్‌రాడ్లు పెట్టి, పొడవు సరిచేసి, తాళం నట్టు బిగించాడు. వెంటనే, ఇంజిన్ తిప్పడానికి, చెయ్యి వెనక చక్రం వైపు వెళ్లింది.

"తిరుగుతోందా?" అన్నాను.

"ఏంటి?"

"ఆ కడ్డీ. రెండు వేళ్లతో తిప్పి చూడు."

పట్టుకున్నాడు. కదల్లేదు. ఇంకోటి పట్టుకున్నాడు. అదీ అంతే.

"లోపల నూనె దిగాలట," అన్నాను. "దిగకముందు చక్రం తిప్పితే వాల్వ్‌కు పిస్టన్ తగులుతుందట."

"అట? ఎవరు చెప్పారు నీకు?"

"లిఫ్టర్లు ఇచ్చినవాడు."

డబ్బా వైపు చూశాడు. దాని మూత మీద లాన్స్ వేలిముద్ర నల్లగా, గ్రీజుతో ఉంది. మెర్వ్ చెయ్యి చక్రం మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను బఠానీలు ఒలిచాను. చాలాసేపటికి మళ్లీ వేళ్లు పెట్టాడు. తిరగలేదు. టీ వంపుకున్నాడు. అది చక్కగా దిగి, ఎర్రగా ఉంది. తాగి, కప్పులోకే చూస్తూ ఉన్నాడు.

మరోసారి వేళ్లు పెట్టినప్పుడు ఆ కడ్డీ కప్పులో చెంచాలా సులువుగా తిరిగింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

"ఇంతసేపు పడుతుందా?" అన్నాడు. ఎవర్నడిగాడో తెలియలేదు.

వెనక సిలిండర్‌కు ఆయనే ఆగాడు, నేను చెప్పకుండానే. ఇంజిన్ స్టార్టయ్యాక కుట్టుమిషను లేదు. ఆయన ముఖంలో సంతోషమూ లేదు. నోరు తెరుస్తాడేమోనని రాత్రి భోజనం దాకా చూశాను. "బఠానీలు బాగున్నాయి" అన్నాడు. మగవాళ్లకు లిఫ్టర్లలాంటిదే ఏదో లోపల ఉంటుంది కాబోలు, దిగడానికి టైము పడుతుంది అనుకుని పడుకున్నాను.

ఆదివారం ఊరి బండ్లన్నీ వరసకట్టాయి. ప్రతి బండి మీదా ఒక ఎలుగుబంటి బొమ్మో, లారీ బొమ్మో. శాంటా ముందు, శాంటా వెనక నేను. ఆసుపత్రికి ఎడమకు తిరగాలి. మెర్వ్ కుడికి తిరిగాడు.

"ఏమయ్యా, దారి తప్పావు!" అని అరిచాను. గడ్డం గాలికి నా మూతి మీద కొట్టింది. వెనక క్లబ్బు సెక్రటరీ గ్లెనిస్ హారన్ కొడుతూ, "పిచ్చిమెర్వ్! ఎటు?" అంటోంది. కానీ శాంటా ఎటు వెళ్తే అటు వెళ్లడం మా రివాజు. బండ్లన్నీ ఎలుగుబంట్లతో సహా సోలమన్‌టౌన్‌లో లాన్స్ షెడ్ ముందు ఆగాయి.

లాన్స్ చేతిలో గడ్డి మిషను బ్లేడుతో బయటికొచ్చాడు. ముందు మా వైపు చూడలేదు. తల పక్కకు వంచి ఇంజిన్ చప్పుడు విన్నాడు.

"నాలుగూ మార్చావు," అన్నాడు.

"మార్చాను." మెర్వ్ ఇంజిన్ ఆపాడు. వెనకవాళ్లూ ఒక్కొక్కరే ఆపారు. మెర్వ్ దిగి, ఉన్ని గడ్డం గుంజి కిందికి లాగాడు. ముఖం చెమటతో ఎర్రగా ఉంది. క్లబ్బులో నవ్వినవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

"ఆగావా?" అడిగాడు లాన్స్.

"ఈసారి ఆగాను," అన్నాడు మెర్వ్. తర్వాత అందరికీ వినపడేలా, మా ఆయన గొంతు ఎప్పుడూ లేనంత పెద్దగా చేసి అన్నాడు: "అప్పుడు ఆగలేదు లాన్స్. ఆగానని నీకు అబద్ధం చెప్పాను. వాల్వ్ వంచింది నేను. తప్పు నాది."