మిగిలిన టైం

నాకు కోపమెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపం వల్ల నేను చేసిన పని మాత్రం ఎవరికీ తెలియదు. చెప్పడానికి ఇన్నాళ్లూ మొహం చెల్లలేదు.

రెండు వేల ఎనిమిదిలో నాకు నాగర్‌కర్నూల్‌లో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. ముసలివాళ్ల పింఛన్ కార్డులకు ఫొటోలు తీసే పని ఒక కాంట్రాక్టరు దగ్గర పట్టుకుని, ల్యాప్‌టాప్, దానికి తగిలించే చిన్న కెమెరా సంచిలో వేసుకుని బల్మూర్ వైపు ఊళ్లు తిరిగేవాణ్ణి. అక్కడ కరెంటు ఎప్పుడుంటుందో దేవుడికే తెలియాలి. అందుకని బ్యాటరీ ఇంకా ఎంతసేపు వస్తుందో డెస్క్‌టాప్ మీదే కనిపించేలా ఒక ప్రోగ్రాం పెట్టుకున్నాను. నల్లటి డబ్బా, అందులో గంటలు, నిమిషాలు, ఇంతింత పచ్చ అంకెలు. పైన "మిగిలిన టైం" అని తెలుగులో రాద్దామని చూస్తే "మిగిలిన" అన్న మాట అక్షరాలు విరిగిపోయి గళ్లు గళ్లుగా వచ్చేది. రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి, విసుగొచ్చి ఆ మాట పీకేశాను. "టైం" ఒక్కటే ఉంచాను. చూసేది నేనే కదా, చాల్లే అనుకున్నాను.

ఆ రోజు వెళ్లిన ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మూడు రోజులైంది. ఫొటోలకు అదే ఆఖరి రోజు, సాయంత్రానికి జాబితా అప్పజెప్పాలి. పంచాయతీ వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. పంచాయతీ పనులు చూసే కారోబారు కురుమూర్తి పేర్లు పిలుస్తున్నాడు. కెమెరా వైపు చూడమంటే ముసలివాళ్లు కురుమూర్తి వైపు చూస్తారు. ఎంతసేపుంటవు, ఎంతసేపుంటవు అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. పదిన్నరకల్లా నా ఓపిక అయిపోయింది.

అప్పుడే ఎస్తేరు వచ్చింది. పాతికేళ్లుంటాయి. లైన్ పక్కనుంచి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"సారూ, మా మామ ఇస్రాయేలు పేరుంది జాబితల. కాలు బాగలేదు, నడవలేడు. చేను కాడ గుడిసెల ఉంటడు. నేను, మా ఆయన రేపు పొద్దున మేస్త్రీ తోని పూణే పనికి పోతున్నం. పింఛనొస్తె ముసలాయన తింటడు, లేకుంటె చూసేటోళ్లు లేరు. పోయి తోల్కొస్త. ఎంత టైం దాంక ఉంటరు?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? టైం అండ్లనే ఉంది, కనబడ్తలేదా? అంతవరకే ఉంట," అని తెర వైపు చెయ్యి చూపించాను.

ఆమె వంగి, పెదవులు కదుపుతూ చదివింది. "రెండు... ముప్పై ఐదు."

"చదువొస్తది గద. ఇంకేంది మరి?"

"చర్చిల నేర్చుకున్న సారూ," అని నవ్వింది. అంకెలు చదవగలిగినందుకు ఆమెకు ఎంత సంతోషమో ఆ నవ్వులో తెలిసింది. కొంగు నడుముకు చుట్టుకుని గబగబా వెళ్లిపోయింది.

పన్నెండుం ముప్పావుకు లైన్ ఖాళీ అయింది. ఇస్రాయేలు పేరు రెండుసార్లు పిలిచినా పలికినవాళ్లు లేరు. డబ్బాలో 0:12 ఉంది. ల్యాప్‌టాప్ ఆపి, మూత మూసి, కురుమూర్తి ఇంట్లో జొన్నరొట్టె తిని, మళ్లీ వరండాలోకి వచ్చి బస్సు కోసం కూర్చున్నాను. రెండున్నరకు బస్సు.

రెండు కావస్తుండగా ఎస్తేరు సైకిల్ తోసుకుంటూ వచ్చింది. వెనక క్యారియర్ మీద ముసలాయన. ఫొటో కోసమని తలకు నూనె పెట్టి దువ్వి, ఉతికిన తెల్ల చొక్కా తొడిగింది. నాలుగు కిలోమీటర్లు తోసుకొచ్చింది. జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది. ముఖం మాత్రం గెలిచినట్టుంది.

"రెండు గుడ కాలేదు సారూ! ఇంక అర్ధగంట ఎక్కువనే ఉంది."

ఒక క్షణం నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక తల ఎత్తలేకపోయాను.

"ఏం అర్ధగంటనే?" అన్నాడు కురుమూర్తి. "సారు పని బంద్ చేసి గంటాయె. నీకెవలు చెప్పిన్రు?"

"అండ్ల రాసుండె గద. టైం, రెండు ముప్పై ఐదు అని."

కురుమూర్తి పడీపడీ నవ్వాడు. వరండాలో ఉన్న నలుగురూ నవ్వారు. "పొద్దుగాల పదిన్నరకు దీనికి రెండున్నర కనబడ్డదంట! అంకెలు రాకుంటె రావని చెప్పాలె గాని."

ఎస్తేరు నా వైపు చూసింది. ఆమె చదివింది అక్షరాలా నిజం. బ్యాటరీకి మిగిలిన గంటల్ని గడియారం టైం అనుకుంది, అంతే. తప్పు నాది. పైగా బ్యాటరీలో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి, ఒక్క ఫొటోకు మూడు నిమిషాలు చాలు. కానీ మూత తెరిస్తే ఆ డబ్బా కనబడుతుంది. అదేమిటని కురుమూర్తి అడుగుతాడు. అది గడియారం కాదని చెప్పాలి, చెబితే ఆ నవ్వు నా మీదికి మళ్లుతుంది. ఊరంతా పొద్దుటి నుంచి సారూ సారూ అంటోంది.

"బ్యాటరీ అయిపోయిందమ్మా," అన్నాను.

ఇంతకన్నా నీచమైన మాట నా జన్మలో ఇంకొకటి అనలేదు.

ఎస్తేరు మామ వైపు తిరిగింది. "నాదే తప్పు మామా. తప్పు చదివిన." ముసలాయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె మళ్లీ నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"సారూ, అండ్ల టైమెట్ల చదవాల్నో జర చెప్పున్రి. మళ్లొకసారి తప్పు చేయ."

నువ్వు సరిగ్గానే చదివావమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది.

"బస్సొచ్చినట్టుంది," అని సంచి భుజానికి తగిలించుకుని గబగబా మెట్లు దిగాను. బస్సుకు ఇంకా అరగంట ఉంది. ఎండలో రోడ్డు మీద నిలబడ్డాను. కాసేపటికి వాళ్లు అటువైపే వచ్చారు. ఆమె తల దించుకుని సైకిల్ తోస్తోంది. క్యారియర్ మీది ముసలాయన నన్ను చూసి, పడిపోకుండా ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి "వందనాలు సార్" అన్నాడు. నేను బస్సు కోసం చూస్తున్నట్టు తల అటు తిప్పుకున్నాను.