మొదటి వాల్వు పైన

ఓబన్నకు మిగిలింది ఒక్క బోరు. అది ఎండితే గార్లదిన్నె పక్కనున్న మూడెకరాల చీనీ, అంటే బత్తాయి తోట పోయినట్టే.

బోరు దగ్గర మొదటి వాల్వు. అక్కడ పైపు రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్లీ రెండేసి. నాలుగుసార్లు చీలి పదహారు కొసలవుతుంది. ప్రతి వాల్వులోనూ చిప్ ఉంది. డ్రిప్ కంపెనీలో పనిచేసే ఆరీఫా రాసిన ప్రోగ్రాం మూడు పరీక్షలు చేస్తుంది. ప్రతి చీలికకూ రెండే కొమ్మలున్నాయా? కొసలన్నీ నాలుగో వరుసలోనే ఆగాయా? మొదటి వాల్వు పైన, బోరు వైపు, ఇంకో చీలిక ఏమీ లేదు కదా?

ఆ ఉదయం ఆరీఫా తోటకొచ్చి నడిపితే రెండో పరీక్ష తప్పింది. పదహారో కొస ఐదో వరుసకు దిగింది. తోటలో నీటిచుక్క లేదు. ఆకులు ముడుచుకుంటున్నాయి.

"ఏమ్మా, నా నీళ్లు యాడికి పోతాండాయి?"

"పదహారో కొస కింద ఇంకో పైపు ఉండాదన్నా. నువ్వే ఏసినావా?"

"బండలోకి పైపేసేకి నాకేమన్నా పిచ్చా? నీ కంప్యూటర్‌కే ఎండదెబ్బ తగిలినట్టుండాది!"

తప్పు తన కోడ్‌దేనేమోనని ఆరీఫా లాప్‌టాప్‌లో ప్రతి లైనూ చూసింది. తప్పు లేదు. మళ్లీ నడిపింది. ఈసారి ఆరో వరుస.

ఓబన్న పార తీసుకుని పదహారో కొస దగ్గర తవ్వాడు. రెండడుగుల లోతులో నల్లటి పైపు, దానికో వాల్వు. కంపెనీ ముద్ర లేదు. పైపు నిలువుగా బండలోకి దిగిపోయింది. చేయి పెడితే చల్లగా ఉంది, లోపల నీళ్లు పరుగెడుతున్నాయి.

"నా నీళ్లు తాగేకి నువ్వెవరప్పా?" అంటూ ఓబన్న వాల్వు బిగించాడు.

స్క్రీన్ మీద ఒక వాక్యం పడింది: 'అదనపు కొమ్మ మూసుకుంది.'

నిమిషంలో పదహారు కొసల్లోనూ చుక్కలు రాలాయి. "సూడమ్మా, బతికినాయి నా చెట్లు!" ఓబన్న నవ్వాడు.

ఆరీఫా చివరిసారి ప్రోగ్రాం నడిపింది. మొదటి పరీక్ష సరే. రెండోది సరే. మూడోది తప్పింది.

మొదటి వాల్వు పైన ఏదో ఉంది. దానికి రెండు కొమ్మలు. ఒకటి ఈ తోట. రెండోదానికీ నాలుగు వరుసలే, పదహారు కొసలే. అద్దంలో చూసినట్టు.

"అన్నా, మన పైన ఇంకొకటి..."

బోరు గొట్టంలోంచి చప్పుడు. బండ మీద పార పడిన చప్పుడు. ఇంకో దెబ్బ. తర్వాత ఏదో బిగుస్తున్న కిర్రు.

మోటారు తిరుగుతూనే ఉంది. చుక్కలు పదహారో కొసలో ఆగాయి, తర్వాత పదిహేనులో, పద్నాలుగులో.

"నా చెట్లమ్మా..." ఓబన్న పదమూడో కొస కింద దోసిలి పట్టాడు.

స్క్రీన్ మీద మళ్లీ అదే వాక్యం పడింది: 'అదనపు కొమ్మ మూసుకుంది.'