సగం కడిగిన బల్ల

ఆయన అంబులెన్స్ నడుపుతాడు. పదకొండేళ్ళుగా అదే పని. ఆ పదకొండేళ్ళలో ఏదీ నిదానంగా చేసి ఎరగడు. అన్నం తింటున్నా ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టే తినేవాడు. మెట్లు రెండేసి చొప్పున దిగేవాడు. సెలవు రోజున కూడా కాళ్ళ కింద నిప్పులున్నట్టు ఇంట్లో అటూ ఇటూ తిరిగేవాడు.

అలాంటి మనిషికి పుట్టిన నాలుగేళ్ళ కూతురు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది. చొక్కాకి ఒక బొత్తాం పెట్టుకుని, అది బాగా పడిందో లేదో వేలితో తడిమి చూసుకుని, అప్పుడు రెండోదాని జోలికి వెళ్ళేది. తండ్రి ఆగలేకపోయేవాడు. "ఇటు రావే నత్తమ్మా" అని దగ్గరికి లాక్కుని, మిగిలిన నాలుగు బొత్తాలూ తనే టపటపా పెట్టేసేవాడు.  పిల్ల ఆ బొత్తాల వంక చూసుకునేది, అవి ఎవరివో అన్నట్టు.

బడి ఎంచుకున్నది తల్లి. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. దుకాణం నుంచి ఆస్పత్రికి వెళ్ళే రోడ్డు మీదే, నాలుగిళ్ళ అవతల ఆ మాంటిస్సోరి బడి ఉంది. పాతకాలపు పెద్ద ఇల్లు. లోపల బెంచీలు లేవు, నల్లబల్ల లేదు. గోడల పొడుగునా పిల్లల ఎత్తుకి సరిపోయే అరలు, వాటిలో వస్తువులు. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని, చాప పరుచుకుని, ఎంతసేపైనా చేసుకోవచ్చు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. అది చూసి తల్లి మనసు కుదుటపడింది. అక్కడి టీచరు ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడదు. అందుకే పిల్లలంతా ఆమెని మెల్లక్క అని పిలుస్తారు.

మూడు నెలలు గడిచాయి. ప్రతి శుక్రవారం పిల్ల సంచిలో ఒక చీటీ వచ్చేది, ఆ వారం పాప ఏ పని ఎక్కువగా ఎంచుకుందో రాసి. మొదటి చీటీలో "బల్ల కడగడం" అని ఉంది. రెండో దానిలోనూ అదే. పన్నెండో చీటీలోనూ అదే.

"ఇంట్లో బల్లల్లేవా?" అన్నాడు తండ్రి.

పుండు మీద కారం చల్లినట్టు, ఆ ఆదివారం తల్లి వాళ్ళక్క వచ్చింది. ఆవిడ కొడుక్కి ఐదేళ్ళు. కుర్చీ మీద నిలబెట్టగానే రెండో ఎక్కం నుంచి పన్నెండో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. చీటీలన్నీ చూసి పెద్దమ్మ పెదవి విరిచింది.

"బల్లలు తోమడం నేర్పిస్తున్నారా? పెద్దయ్యాక హోటల్లో పెడతారా ఏంటే పిల్లని?"

"అది కాదక్కా, పనిలో కుదురు వస్తుందని..."

"కుదురే కావాలంటే గోడకేసి కూర్చోబెట్టు. మా వాడి బడిలో ఇంకా సీట్లున్నాయి, నే మాట్లాడతా."

ఆవిడ వెళ్ళాక తల్లి చీటీలన్నీ ఏరి ఒకచోట పెట్టింది. పెడుతూ భర్తతో అంది. "మీరు ఒక్కసారి వెళ్ళి చూసి రండి. తల్లిదండ్రులు ఒక గంట కూర్చుని చూడొచ్చంట. చూశాక కూడా వద్దంటే మాన్పించేద్దాం."

"గంటా? గంటసేపు నేనెక్కడైనా కూర్చోవడం నువ్వు చూశావా?"

"లేదు. అందుకే వెళ్ళమంటున్నా."

బుధవారం ఆయనకి సెలవు. మెల్లక్క ఆయనకొక కుర్చీ చూపించింది. పిల్లల కుర్చీ. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"మాట్లాడకండి. సాయం చెయ్యకండి. ఎవరైనా వచ్చి అడిగితే, 'పని చూస్తున్నాను' అని చెప్పండి చాలు" అందామె చెవిలో చెప్పినట్టు.

మొదటి పది నిమిషాలూ ఆయనకి ఒంటి మీద చీమలు పాకినట్టుంది. ఒక బుడతడు గాజు గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని గదికి అడ్డంగా నడుస్తున్నాడు. ఆయన చెయ్యి దానంతటదే ముందుకి లేచింది. మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకున్నాడు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు. ఇంకో పిల్ల కళ్ళకి గుడ్డ కట్టుకుని, గుడ్డముక్కల్ని వేళ్ళతో తడిమి, నున్ననివి నున్ననివాటితో, గరుకువి గరుకువాటితో జత చేస్తోంది. ఎక్కడో పూసలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడవుతోంది. కూజాలోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి కూజాలోకి ఎవరో నీళ్ళు పోస్తున్నారు, పోస్తూనే ఉన్నారు.

కిటికీ ఎండ నేల మీద పలకలా పడి ఉంది. చూస్తుండగానే అది ఒక చాప అంచు దాటి రెండో చాప మీదకి జరిగింది. ఎండ కదలడం తను ఎప్పుడైనా చూశాడా? ఆ గదిలో ఇరవై మంది పిల్లలున్నారు. అయినా ఆయనకి చెరువు అడుగున కూర్చుని పైన వెలుతురుని చూస్తున్నట్టుంది. భుజాలు ఎప్పుడు కిందకి దిగాయో తెలియదు. ఊపిరి దాని దారిన అది వచ్చి పోతోంది.

అప్పుడు కూతురు కనిపించింది. ముందు నుంచీ అక్కడే ఉంది, ఆయనే చూడలేదు.

బట్టలు తడవకుండా రబ్బరు గుడ్డ కట్టుకుని బల్ల దగ్గర నిలబడి ఉంది. స్పాంజి నీళ్ళలో ముంచి, పిండి, ఎడమ వైపు నుంచి మొదలుపెట్టింది. సబ్బు నురగతో చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ కుడి వైపుకి వస్తోంది. ఒక్క సున్నా కూడా తొందరపడటం లేదు. మూతి బిగించి, నాలుక కొంచెం బయటపెట్టి, ఆ బల్ల తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు తోముతోంది. ఇంత అందంగా పనిచేసే మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. తన పిల్లేనా అని ఒక క్షణం అనుమానం వచ్చింది.

బల్ల సగం అయింది. అంతలో రోడ్డు చివర సైరన్ మొదలైంది.

పదకొండేళ్ళూ సైరన్ కింద కూర్చున్న మనిషి, గదిలో కూర్చుని దాన్ని వినడం అదే మొదటిసారి. దూరంగా సన్నగా మొదలై, పెరిగి, కిటికీ అద్దాలని వణికించి, మళ్ళీ సన్నబడిపోయింది. పిల్లలెవరూ పట్టించుకోలేదు. ఆయన కూతురు మాత్రం ఆగిపోయింది. స్పాంజి చేతిలోనే ఉంది, నీళ్ళు మోచేతి మీదుగా పాదం మీదకి కారుతున్నాయి. తల కొంచెం పక్కకి వంచి, కూత పూర్తిగా మాయమయ్యేదాకా బొమ్మలా నిలబడింది. ఆ తర్వాత బకెట్టు నీళ్ళు పారబోసి, బల్ల తుడిచి, స్పాంజి ఆరేసి, రబ్బరు గుడ్డ విప్పి కొక్కేనికి తగిలించింది. ఒక్క నిమిషం దాన్నే చూసింది. మళ్ళీ తీసి కట్టుకుని, కొత్త నీళ్ళు తెచ్చుకుని, ఎడమ వైపు నుంచి మొదలుపెట్టింది.

ఆ గంటలో రెండుసార్లు అలా జరిగింది.

గంట అయ్యాక మెల్లక్క ఆయన్ని వరండాలోకి తీసుకొచ్చింది. అక్కడ చెప్పింది. "రోజూ ఇంతేనండీ. పని ఇష్టం లేక కాదు. కూత వినపడితే మధ్యలో ఆగుతుంది, ఆగితే మొదటికొస్తుంది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా బల్ల చివరిదాకా కడగలేదు. ఎందుకో నేను అడగలేదు, తనూ చెప్పలేదు. మీరు ఏం పని చేస్తారో తెలుసు కాబట్టి మీకు చెబుతున్నా."

ఆ సాయంత్రం పిల్ల గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఆయన వెళ్ళి పక్కనే నేల మీద కూర్చున్నాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, సాయం చెయ్యకుండా ఉండటానికి.

"బడిలో నా బండి కూత వినపడుతుందా అమ్మా?"

"ఊఁ. రోజూ."

"వినపడితే ఏం చేస్తావు?"

"ఆగుతా."

"ఎందుకు?"

ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు తండ్రి మొహంలోకి చూసింది. "బండి ఏడుస్తుంది కదా. ఎవరైనా ఏడుస్తుంటే పని ఆపి, తగ్గేదాకా ఉండాలి. మెల్లక్క అలాగే ఉంటుంది. నువ్వేమో లోపల ఒక్కడివే ఉంటావు."

వంటగది గుమ్మంలో నిలబడ్డ తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎప్పుడో, పిల్లకి రెండేళ్ళప్పుడు, అన్నం తినిపిస్తూ 'అదిగో నాన్న బండి ఏడుస్తోంది' అని తనే అన్నట్టు లీలగా గుర్తొచ్చింది.

మూడు నెలలు. రోజుకి నాలుగైదు సార్లు. ఊళ్ళో ఏ బండి వెళ్ళినా అది నాన్నదే అనుకుని, ఇంత చిన్న పిల్ల, తడిచేతుల్తో నిలబడి తనకి తోడుండేది. ఆయన తొడల కింద నుంచి చేతులు తీశాడు. విప్పిన బూటు తీసి అరలో పెట్టాడు. పిల్ల వెంటనే దాన్ని తీసి, సరిగ్గా తిప్పి పెట్టింది.

ఆదివారం ఉదయం పిల్లని ఆస్పత్రి వెనక షెడ్డుకి తీసుకెళ్ళాడు. బండి తలుపులు తెరిచాడు. తొందరపెట్టలేదు. పిల్ల ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కి, మంచం మీద దుప్పటి మడతలు తడిమింది, దూది డబ్బా మూత తీసి చూసి పెట్టింది, గాలి సిలిండరుని వేలితో కొట్టి చప్పుడు విన్నది.

"ఇక్కడెవరు కూర్చుంటారు?"

"నర్సు బాబాయి."

షెడ్డు గోడ పక్క బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్న నర్సు చెయ్యి ఊపాడు. "నేనే తల్లీ. మీ నాన్న ఎప్పుడూ ఒక్కడే ఉండడు. నే వద్దన్నా నా చెవులు తినేస్తుంటాడు."

పిల్ల ఆలోచించింది. ఆయన దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సైరన్ మీట చూపించాడు. "ఇది ఏడుపు కాదమ్మా. 'జరగండి, జరగండి, లోపల ఒకళ్ళకి బాగోలేదు' అని అరవడం. నేనే అరిపిస్తా. ఇదిగో, నువ్వు నొక్కు."

చాలాసేపు చూసి నొక్కింది. షెడ్డంతా మారుమోగింది. ఉలిక్కిపడింది. ఆపింది. మళ్ళీ నొక్కింది, ఆపింది. మొహం మెల్లగా విచ్చుకుంది. మొదలుపెట్టేదీ ఆపేదీ తన వేలే.

తర్వాత, "దీన్ని కడగాలి" అంది.

బండి నిన్ననే కడిగారు. ఆ మాట ఆయన అనలేదు. బకెట్టు తెచ్చాడు. ఎడమ వైపు నుంచి మొదలుపెట్టారు. పిల్ల చేతికి అందినంత మేర పిల్లది, ఆ పైన తండ్రిది. నురగ సున్నాలు చక్రం దాటి, తలుపు దాటి, ఎర్రగీత వెంట నడిచాయి. ఆయన చెయ్యి మొదట్లో పరిగెత్తబోయి, కాసేపటికి పిల్ల చేతి వేగానికి అలవాటు పడింది. నీళ్ళు నేల మీద పారి, వాటిలో ఆకాశం ముక్కలుగా కదిలింది.

"ఇలాగైతే వచ్చే ఆదివారానికి పూర్తవుతుంది" అన్నాడు నర్సు.

"అవనీ" అన్నాడాయన.

మర్నాడు పదిన్నరకి కబురొచ్చింది. ఒక ముసలాయనకి గుండెనొప్పి. సైరన్ వేసుకుని బడి ముందు నుంచే పోవాలి. బండి బడి గోడ పక్కనుంచి దూసుకుపోయింది. కిటికీ వైపు చూడాలని మనసు ఎంత లాగినా ఆయన చూడలేదు, చూపు రోడ్డు మీదే పెట్టాడు. ముసలాయన్ని సకాలంలో చేర్చారు.

సాయంత్రం ఇంటికి రాగానే మొదటిసారి మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు, అడగడానికి భయమేసి. తల్లీ కూతురూ బట్టలు మడత పెడుతున్నారు.

"ఇవాళ నా బండి కూత విన్నావా?"

"విన్నా."

"మరి?"

పిల్ల చేతిరుమాలు అంచుకి అంచు కలిపి, మడిచి, అరచేత్తో నొక్కింది.

"నువ్వు అరుస్తున్నావులే అనుకున్నా. బల్లంతా కడిగేశా. తర్వాత ఆకలేసింది."

తల్లి పకపకా నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "అక్కకి ఫోన్ చేస్తా, ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని" అంటూ లేచింది. ఆయన కింద కూర్చుని, కుప్పలోంచి ఒక తువ్వాలు తీసుకున్నాడు.

"అలా కాదు నాన్నా" అంది పిల్ల. "ముందు పరుచుకోవాలి."