చీటీల ఇల్లు

తెర మీది ఇంట్లో శ్రీలత ఇంకో గది తలుపు తీసింది. ఆ ఇల్లు కోరుట్లలో లేదు, ఏ ఊళ్లోనూ లేదు. కంప్యూటర్‌లో కట్టిన ఉత్తుత్తి ఇల్లు. మంచం కింద, పొయ్యి వెనక, బూట్లలో చీటీలు దాచి ఉంటాయి. ఒక్కో చీటీలో ఒక్కో పని రాసి ఉంటుంది. వాటిని వెతికి ఏరి బుట్టలో వెయ్యాలి. ఆమె చేసేది చూసి ఏఐ నేర్చుకుంటుంది. రేపు తనకు చెప్పిన పనులు ఎక్కడున్నా తానే వెతుక్కుంటుందట. కోరుట్లలో బట్టల దుకాణం పైన, ఈ పని చేయించే సెంటరు. మౌసు పట్టిన చూపుడువేలి మీద బీడీల కోసం తునికాకు కత్తిరించిన పాత గాట్లు ఇంకా మానలేదు.

కళ్లు తెర మీదే గానీ చెవులు మెట్ల వైపే ఉన్నాయి. తల్లి పోయాక బీడీలు చుట్టి తనను పెంచిన చిన్నమ్మ మొగిలవ్వ జగిత్యాల ఆసుపత్రిలో ఉంది. ఊపిరి ఆడటం లేదు. సెలవడిగితే సూపర్‌వైజర్ రంజిత్ ఇవ్వలేదు. ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అందుకే మొగిలవ్వ కొడుకు జలపతికి రాత్రే చెప్పింది: "ఏమన్నయితే సెంటరుకు అచ్చి చెప్పన్నా. ఉన్నపళంగ లేచి అస్త."

తెర మీది మంచంలో ఓ ముసలామె బొమ్మ పడుకుని ఉంది. దిండు కింద చీటీ: మంచంలో ఉన్నామెకు నీళ్లివ్వాలి. శ్రీలత వెంటనే వంటగదికి పోయి గ్లాసు అందుకుంది.

"అక్కా, మళ్ల గదే తప్పు!" రంజిత్ వెనకనుంచి అరిచాడు. "ముందుగాల అన్ని చీటీలు ఏరాలె. ఇచ్చుడు తర్వాత."

"ముసలామెకు దూపయితుంటే ఏరుకుంట కూసుంటమా సారు?"

"అది బొమ్మక్కా!"

గదిలో నవ్వులు. నవ్విన ఆడవాళ్లు కూడా పొద్దున అదే తప్పు చేసినవాళ్లే. శ్రీలత గ్లాసు వదిలి బూట్ల దగ్గరికి పోయింది.

సాయంత్రం రంజిత్ బీరువా తీసి ఫోన్ చేతికిచ్చాడు. "పొద్దుగాల మీ అన్న అచ్చిండక్కా, కింద దుకాణం కాడ కలిసిండు. హాస్పిటలుకు రమ్మన్నడు. నేను చెప్త, నువ్వు పో అని పంపిన. పని నడిమిట్ల ఎందుకని, షిఫ్టు అయినంక చెప్దామని పెట్టుకున్న."

పెట్టుకున్నాడట! ఎంత నిమ్మళంగా అన్నాడో! మనిషి ప్రాణం మీదికొచ్చిన కబురును కడుపులో పెట్టుకుని, మధ్యాహ్నం బిర్యానీ తెప్పించుకు తిన్నాడు, ముదనష్టపు వెధవ.

"నీ నోట్ల మన్ను వడ! నువ్వు మనిషివేనారా?" ఇన్నాళ్లూ సారు అన్న నోటితోనే అంది. మెడలోని కార్డు తెంపి వాడి ముఖాన కొట్టింది. బస్సులో జగిత్యాల దాకా తిడుతూనే ఉంది. పక్కనామె భయపడి జరిగి కూర్చుంది.

వార్డులో జలపతి ఒక్కడే సంచీ సర్దుతున్నాడు. మొగిలవ్వను అప్పటికే కిందికి, అంబులెన్సులోకి తీసుకుపోయారు. మధ్యాహ్నమే పోయింది.

"ఎందుకు రాలేదే?" తలెత్తకుండానే అడిగాడు. "శ్రీలతకు చెప్పినవా అని అమ్మ అడిగింది. సెంటరుల చెప్పి అచ్చిన అని అన్న. పొద్దంత తలుపు దిక్కే చూసింది. ఆఖరుకు, పనున్నట్టుంది తియ్ అన్నది."

"నాకు చెప్పలేదన్నా! ఎవ్వలూ చెప్పలేదు!"

ఆ మాట వినాల్సిన మనిషి లేదు. శ్రీలతకు కబురందిందనీ, అందినా రాలేదనీ అనుకుంటూనే ఆమె పోయింది. అందని సంగతి ఇప్పుడు జలపతికి తెలిస్తే ఏం లాభం? శ్రీలత మంచం కమ్మిని రెండు చేతులా పట్టుకుని వార్డంతా వినపడేలా రంజిత్‌ను తిట్టింది. ఎవరూ ఆపలేదు.

కూర్చుందామని చూస్తే మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది.

"అమ్మ ఎవ్వల్ని కూసోనియ్యలే," అన్నాడు జలపతి. "నన్ను గూడ."

బస్సులో రుమాలు వేసి సీటు ఆపుకున్నట్టు ఆ కుర్చీలో మొగిలవ్వ తన నీలం దస్తీ పరిచి ఉంచింది.